మా అబ్బాయి బరువు

మనవరాలు ఇసుక బస్తాల్ని జీపు డ్రైవర్ సీట్లో కుదేసింది. సరిగ్గా మా అబ్బాయి బరువు.

కొండదారి జీపులకి ఇరుసుని పట్టి ఉంచే లింకు రాడ్లు కొలతలు గీసి చెయ్యడం నేర్చుకుని, మొదట తండ్రి జీపుకే బిగించింది. ఆ జీపుతోనే వాడు లోయలో పడి చనిపోయాడు. తిన్నటి దారి, మంచి బ్రేకులు; ఇంకే కారణం కనపడక రాడ్డు ఊడిందన్నారంతా. అందుకే అవే కొలతలతో ఇంకో జీపుకి చేసి చూస్తోంది.

"జాకీ జారుతుందేమోనే, నా గుండె ఆగేట్టుంది!"

"దూరంగా కూర్చో నానమ్మా, నీ గుండెకి జాకీ వెయ్యలేను."

చక్రాన్ని ఎంత ఎత్తుకి లేపినా రాడ్డు వంగలేదు, అతుకు ఊడలేదు.

"నీ తప్పు కాదే తల్లీ!" గండం గడిచినట్టు దాని తల నిమిరాను.

అది బస్తాలకేసి చూస్తూ ఏడ్చింది.

"నా తప్పే అయితే బాగుండేది నానమ్మా. నాన్న కావాలనే లోయలోకి తిప్పాడు."