ఊరికి దూరంగా

పల్లిచేను నడుమ నిలబడి బిక్షమ్మ దోసిలినిండా మన్ను ఎత్తి గాలిలోకి పోసింది.

"వాని చేతులు పడిపోను. వాని ఇంట్ల పొయ్యి ఆరిపోను."

చేని గట్టు పొడుగునా కొత్త బొక్కలు. గింజ పట్టిన కాయనల్లా తవ్వుకు తిని, పైన పచ్చటి చెట్టును మాత్రం నిలబెట్టి పోయాయి పందికొక్కులు. చెట్టు పట్టి లాగితే వేళ్లకు ఉత్త తొక్కలే వచ్చాయి.

పోయినేడు దాకా ఈ మెట్ట చెలుకలో ఒకటో రెండో తిరిగేవి. ఇప్పుడు మందలు. ఇక్కడ పుట్టినవి కావు, ఎవరో తెచ్చి వదులుతున్నవే. తడిమట్టిలో బోను దించిన గుర్తు, తీగల అచ్చు, ఆమె కళ్లారా చూసింది.

ఈ ఏడే, తొంభై రెండు వానాకాలం మొదట్లో, ఊళ్లోకి సర్కారు జీపు వచ్చింది. ఇంటింటా ఉన్న ఇనుప పళ్ల బోన్లన్నీ పట్టుకుపోయారు. ఆ పళ్లు కాలు పట్టి నలిపేస్తే పందికొక్కైనా ముంగిసైనా పూటంతా కొట్టుకొని చస్తుందట. అది హింస అట. ఇకమీదట తీగ బోన్లే పెట్టాలి. ప్రాణంతో పట్టాలి. ఊరికి దూరంగా వదలాలి. అది కొత్త ఉత్తర్వు.

జీపులో వచ్చిన సారు చెప్పడం అయ్యాక బిక్షమ్మ ఒక్కతే లేచి అడిగింది.

"దూరమంటె ఎవరి జాగా సారూ?"

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వి జీపెక్కాడు.

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడామెకు ఒళ్లు మండిపోయింది. సర్కారు పట్టా ఇచ్చినప్పుడు ఈ చెలుకలో రాళ్లు తప్ప మరేమీ లేవు. ఆమె, మొగుడు ఇస్రాయేలు ఏళ్ల తరబడి ఆ రాళ్లేరి దీన్ని చేను చేశారు.

నేరుగా సర్పంచ్ ఇంటికి పోయింది.

"బోన్లల్ల పడ్డయి తెచ్చి నా చేన్ల ఇడుస్తున్నరు. ఎవడు ఇడుస్తున్నడో చెప్పుండ్రి."

"తెల్లారకముందె ఇడిసిరానికి కూలికి మనిషిని పెట్టిన. దూరంగ ఇడువుమన్న. యాడ ఇడుస్తున్నడో నేను ఎనుకవోయి చూస్తనా?"

"ఎవడా మనిషి?"

"ఎవడైతేంది. ఊరి పని. సర్కారు మాట కాదంటె నా మీదికొస్తది." సర్పంచ్ పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

తిరిగి వస్తూ పోచయ్య వాకిట్లో ఆగింది. పోచయ్య చేనూ ఆమె చేనూ ఒకే ఒడ్డుకు అటూ ఇటూ. ఆ ఒడ్డును ఆమె చేనులోకి జరిపాడని చాన్నాళ్లుగా మాటల్లేవు. అతని అరుగు మీద తీగ బోను కనబడింది. అక్కడే ఉన్న రోకలి అందుకొని దాన్ని చితక్కొట్టింది.

పోచయ్య అడ్డం రాలేదు. "నా పిల్లల మీద ఒట్టు, నేను ఇడుస్తలేను. నా బోన్ల చిట్టెల్క సుత పడలే."

"ఒట్లు పెట్టుడు నీకు అలవాటే." అతని వాకిట్లోనే ఉమ్మేసి వచ్చింది.

పొద్దుగూకాక ఇస్రాయేలు వచ్చాడు. నల్గొండలో కూలి పని అతనికి. తెల్లారకముందే సైకిలెక్కితే మళ్లీ దీపాల వేళకే రావడం. జొన్న గటక ముందర పెట్టి, జరిగిందంతా చెప్పిందామె.

"పోచయ్య చేసి ఉండడు," అన్నాడు ముద్ద దించి.

"నీకెట్ల ఎరుక? ఏనాడన్న ఒక్కని ముంగట నోరు తెరిసినవా? చేనంత పోతాంది, నీకు జర ఫికరన్న లేదు. మొగోనివైతె గిట్ల కూసుంటవా?"

ఇస్రాయేలు కంచంలోనే చెయ్యి కడిగేశాడు. గటక సగానికి సగం మిగిలింది.

మర్నాడు అతని సైకిల్ చప్పుడు వినబడకుండా పోయాక బిక్షమ్మ కట్టె పట్టుకొని చెలుకకు నడిచింది. మంచు పడుతోంది. ఒడ్డున కందిచెట్ల చాటున కూచుంది. వాడెవడైనా సరే, ఇవ్వాళ నడుము విరగాలి. సర్పంచ్ అడ్డమొచ్చినా, జీపు సారు అడ్డమొచ్చినా.

తూర్పు తెల్లబడుతుండగా కావడి కిర్రుమంది. తలకూ మొహానికీ తువ్వాల చుట్టుకొని ఒకడు వంగి వంగి వస్తున్నాడు. కావడికి అటొక బోను, ఇటొక బోను. చేనులోకి దిగి, బోన్లు దించి, తలుపులు ఎత్తాడు. నల్లటి పందికొక్కులు పల్లిచెట్ల కిందికి ఉరికాయి.

బిక్షమ్మ వెనకనుంచి వచ్చి వీపు మీద కొట్టింది. ఉన్న బలమంతా పెట్టి మళ్లీ కొట్టింది. వాడు పారిపోలేదు. చేతులైనా అడ్డం పెట్టలేదు. బోను పక్కన కూలబడ్డాడు.

"ఊరంత చేన్లుండంగ నీకు నా చేనే దొరికిందారా?" కట్టె మళ్లీ ఎత్తింది.

"ఎవ్వల చేన్లకు పోయినా కట్టెలు పట్టుకొని ఎంటబడుతున్నరే, మన దాంట్ల అయితె అడ్డమొచ్చెటోళ్లు ఉండరనుకున్న," అన్నాడు తువ్వాల విప్పి ఇస్రాయేలు.