నూటికి నూరు

“ఒక్క సంతకం తక్కువుంది. అచ్చియ్యమ్మగారిది ఏదీ?”

సంధ్యారాణి అడిగిన మాటకి పంచాయతీ ఆఫీసు గదిలో గోల ఠక్కున ఆగిపోయింది. అంతవరకూ టీ చల్లారిపోయిందని, ఫ్యాను తిరగట్లేదని సాధిస్తున్నవాళ్లే.

“ఆవిడ పోయింది కదా మేడమ్,” అన్నాడు సర్పంచి బంగార్రాజు. “మొన్న మంగళారమే పదకొండో రోజు సేసేం. ఊరంతా బోంచేసేం.”

సంధ్యారాణి చేతిలోని ట్యాబ్ పక్కన పెట్టింది. గంట క్రితం, మొదటిసారి ఊరి చివరిదాకా వెళ్లినప్పుడు, తనకి మంచినీళ్లిచ్చిన మనిషి, పేరు అచ్చియ్యమ్మ అనే చెప్పింది.

“ఏ అచ్చియ్యమ్మ? ఆ చివర పెంకుటిల్లా?”

“ఆ పేరుకి ఊల్లో ఇంకెవులున్నారు?”

“ఇందాకే ఆవిడ చేతి నీళ్లు తాగి వచ్చానండీ!”

ఎవరూ నవ్వలేదు. కాదని వాదించనూ లేదు. మహిళా సంఘం లీడరు రాజులమ్మ లేచి, గుప్పెడు ఉప్పు తెచ్చి సంధ్యారాణి చుట్టూ మూడుసార్లు తిప్పింది. “ఎండన పడి తిరిగేరు కదా తల్లీ. అటేపు ఎల్లకండి,” అంది. బంగార్రాజు కిటికీలోంచి సెంటరు వైపు చూపించాడు. అక్కడ నిలువెత్తు ఫ్లెక్సీ. పైన ‘కన్నీటి నివాళి’, కింద నల్ల కళ్లజోళ్లు పెట్టుకున్న యువజన సంఘం కుర్రాళ్లు, మధ్యలో అచ్చియ్యమ్మ. నుదుటి మీద పచ్చబొట్టుతో సహా అదే ముఖం.

ఈ ఊరి కోసం సంధ్యారాణి ఎనిమిది నెలలుగా చోడవరం నుంచి బండి మీద తిరుగుతోంది. పంచాయతీ, మహిళా సంఘాలు, ఆమె పనిచేసే విశాఖ ట్రస్టు కలిసి ఊరి బతుకు బాగుచెయ్యాలని వేసుకున్న ప్లాను అది. మురుగు కాలవలు, కుళాయిలు, వీధి దీపాలు. షరతు ఒక్కటే, ఓటున్న ప్రతి మనిషీ ఒప్పుకోవాలి. ఇవాళ ఐదింటికల్లా అందరి సంతకాలూ పంపకపోతే ప్లాను ఇంకో ఊరికి పోతుంది. ఈ వానల్లో డెంగీ రాని ఇల్లు ఈ ఊళ్లో లేదు.

పోయినవాళ్ల సంతకం అక్కర్లేదు. ఆ లెక్కన పని అయిపోయినట్టే. అయినా ఆమె మనసు ఒప్పలేదు. ఫోన్ మాట్లాడి వస్తానని చెప్పి బయటపడి, ఊరి చివరికి నడిచింది.

పట్టపగలు నాలుగు గంటలు. గుమ్మాల్లో కూర్చున్నవాళ్లు ఆమె ఎటు వెళుతోందో చూసి, ఒక్కొక్కరే లోపలికి పోయి తలుపులేసుకున్నారు. పెంకుటింటి ఎదురింటివాళ్లు తమ గుమ్మానికి అడ్డంగా తాటాకు దడి కట్టుకున్నారు. ఆకు ఇంకా పచ్చగానే ఉంది.

అచ్చియ్యమ్మ గుమ్మంలో కూర్చుని గోంగూర వలుస్తోంది.

“మల్లీ వచ్చేవా అమ్మా!” అంది ఆవిడ లేస్తూ. “అయితే నాను నీకు నిజంగానే కనబడతన్నానా?”

సంధ్యారాణి వెనక్కి తగ్గింది. ఆవిడ చటుక్కున మణికట్టు పట్టుకుంది. గోంగూర పసరు అంటిన చెయ్యి. వెచ్చగా ఉంది. బతికున్న మనిషి చెయ్యి.

“మీరు... పోయారన్నారు!”

“అనరేటి! పెద్దకర్మే సేసీసేరు కదా. ఈ గుమ్మంలోంచే సూసేను. బూరెలు, పులిహోర. ఊరంతా తిన్నారు. నాకే ఆకు ఎయ్యనేదు.”

“ఎందుకలా చేశారు?”

“ఊరి మురుగంతా నా సెరుకు సేలోకి ఒదుల్తారంట. పల్లం అదేనంట. నాకున్నదే ఆ ముప్పై సెంట్లు. సంతకం ఎట్టనన్నాను. బతిమాలేరు, తిట్టేరు. ఒకనాడు తెల్లారేసరికి పలకడమే మానీసేరు. కొట్టుకెల్తే సరుకివ్వరు. నానెక్కితే ఆటో కదల్దు. నా తోడికోడలి గుంట, నా ఒల్లో పెరిగింది, నానెదురొస్తే కల్లు మూసుకుంటది.” ఆవిడ పట్టు ఇంకా బిగిసింది. “నువ్వొక్కర్తివి ఆల ముందర సెప్పమ్మా, నాను బతికే ఉన్నానని. సంతకం మాత్రం అడక్కు. ఆ ఒక్క మాటా సెప్పు సాలు.”

సంధ్యారాణికి భయం పోయి ఒళ్లు మండిపోయింది. “చెబుతాను. ఇప్పుడే వెళ్లి అందరినీ కడిగేస్తాను,” అని మాటిచ్చి విసవిసా వెనక్కి నడిచింది.

ఆఫీసు ముందు ఊరంతా పోగై ఉంది. అందరికంటే ముందు కావేరి అనే ఒక తల్లి నిలబడి ఉంది, చంకలో మూడేళ్ల కూతురితో. డెంగీ వచ్చిన పిల్లని ఆసుపత్రి నుంచి నిన్ననే తెచ్చారు. సెలైన్ ఎక్కించిన చేతికి ఇంకా ప్లాస్టరు ఉంది. పిల్ల తల్లి భుజం మీద తల వాల్చేసి, కళ్లు మాత్రం తెరిచి చూస్తోంది.

“ఎక్కడికెల్లేరు మేడమ్?” బంగార్రాజు మెల్లగా అడిగాడు. “ఎవులైనా కనబడ్డారేటి?”

ఐదుకి ఏడు నిమిషాలుంది.

సంధ్యారాణి నోరు తెరిచింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో కావేరి కూతురు సన్నగా మూలిగింది. తల్లి పిల్లని ఇంకో భుజం మీదికి మార్చుకుని, మళ్లీ సంధ్యారాణినే చూసింది.

సంధ్యారాణి గదిలోకి వెళ్లి కుర్చీలో కూర్చుంది. తన మీద తనకే అసహ్యం వేసింది. ట్యాబ్ తీసి అచ్చియ్యమ్మ పేరు పక్కన ‘మరణించారు’ అన్నచోట నొక్కింది. ఏ రోజు పోయారో చెప్పందే యాప్ ముందుకి కదల్లేదు.

“ఆవిడ పోయిన తేదీ ఏమిటి?” తల ఎత్తకుండా అడిగింది.

వెనకాలే లోపలికొచ్చిన బంగార్రాజు రాజులమ్మ వైపు చూశాడు. పదకొండో రోజు ఊరందరికీ గుర్తుంది గాని, మొదటి రోజు ఎవరికీ తెలీదు.

సంధ్యారాణి ఇవాళ్టి తేదీ వేసింది.