నొక్కినా తగ్గని గడి

నా భార్యను చంపింది కొండచరియ కాదు, ఆమె తమ్ముడు. నేనూ వాడూ కొండ కదలికలను కనిపెట్టే రాడార్ కేంద్రంలో పనిచేస్తాం. చరియ విరిగి ఆమెను కప్పేసిన రోజు వాడు రాడార్ ముడి డేటాను మరీ గట్టిగా నొక్కి కుదించాడు. మట్టి కింద ఇంకా బతికున్న ఆమె కదలిక, పనికిరాని సంకేతాల రొదతోపాటే కొట్టుకుపోయింది.

నిన్న రాత్రి అదే కొండ. తెరమీద కొండలో ఒక్కో చోటును చూపే గళ్లలో ఒకటి ఎంత కుదించినా తగ్గలేదు.

"రొదే బావా, తీసిపారెయ్."

"మీ అక్కనూ అలాగే తీసిపారేశావు."

రాడార్ ఆపేశాను. అడ్డంగా, నిలువుగా పంపే తరంగాలు రెండూ ఆగాయి. గళ్లన్నీ ఖాళీ అయ్యాయి. ఆ ఒక్క గడిలో మాత్రం ప్రతిధ్వని వస్తూనే ఉంది, మేమేమీ పంపకుండానే.

వాడు కుర్చీ వెనక్కి జరిపాడు. "బావా... అక్కేనా?"

అది ఆమేనన్న మాట వాడితో ఈ జన్మలో ఎత్తను.