కొత్త చిల్లు

ప్రాగ్‌లో నలభై ఏళ్లు డబుల్ బేస్ వాయించిన మా ఆయన ఓతకర్‌కు వేళ్లు బిగుసుకుపోయాయి. దాన్ని అమ్మేద్దామని బేరం కుదిర్చింది నేనే. రేపు పొద్దున్నే వచ్చి పట్టుకుపోతారు.

మనిషంత వాద్యం అది. కింద ఇనుప మొన ఉంటుంది, నేలలో గుచ్చి వాయిస్తారు. మా పడకగది చెక్కనేలకు కిటికీ దగ్గర ఒకటే చిల్లు, ఇన్నేళ్లుగా.

రాత్రి నీళ్లకు లేస్తే గది మధ్యలో కాలికి ఇంకో చిల్లు తగిలింది. దీపం వేసి చూస్తే చుట్టూ తాజా చెక్కపొడి. బేస్ మాత్రం కిటికీ దగ్గరే ఉంది.

"ఓతకర్, దీన్ని జరిపావా?"

"చెంచాయే పట్టుకోలేకపోతున్నాను, దాన్నెక్కడ జరపను? పడుకోవే, మిలాడా."

దీపం ఆర్పాను. చెక్కలో మొన దిగిన చప్పుడయింది. కాసేపటికి మళ్లీ, మంచానికి దగ్గరగా.

"వింటున్నావా?"

"వింటున్నా. నా వైపుకు కాదులే" అన్నాడు, అటు తిరిగి పడుకుంటూ.