ముగ్గిన పండు వాసన

గది తాళంచెవి చిన్నతల్లి కొంగున ముడేసి ఉంది. ఇది మూడో రోజు.

లోపల మొగుడు ఎర్రన్న మళ్లీ వాంతి చేసుకున్నాడు. కిటికీ ఊచల్లోంచి గ్లాసుతో నీళ్లిచ్చింది. గటగటా తాగేసి ఇంకో గ్లాసు అడిగాడు. పొద్దుటి నుంచి ఎన్ని తాగాడో లెక్క లేదు.

అతని ఊపిరిలో వాసన. ముగ్గిపోయిన పనసపండులా, పులిసిన కల్లులా. ఆమెకు ఒళ్లు మండింది.

"గదిలో ఎక్కడో ఇంకో సీసా దాచేసినాడు పిన్నీ," అంది పక్కింటి మరిడమ్మతో.

"మానిపించినప్పుడు ఇలాగే ఉంటాది. మా ముసిలోడు వారం రోజులు నేల మీద దొర్లేడు. ఏడుస్తాడు, బతిమాల్తాడు. నువ్వు ఇన్నావంటే నీ కొంప మునిగినట్టే."

పెళ్లయి ఎనిమిది నెలలు. అన్నానికి పిలిచినప్పుడల్లా ఎర్రన్న ముందు పెరట్లోకి వెళ్లొచ్చేవాడు. ఆదివారం అతను లారీ కడుగుతుండగా ఆమె పెరడంతా వెతికింది. నీళ్లకుండ కింద తడి ఇసుకలో బొటనవేలంత సీసా. పైన కాగితం గోకేసి ఉంది. లారీలవాళ్లకు అలాంటి సీసాల్లో మత్తు అమ్ముతున్నారని విని ఉంది. బండకేసి కొట్టి పగలగొట్టింది. సాలూరు నుంచి అన్నను పిలిపించింది.

లారీ అన్నదే.

"ఏటి బావా అది?" అన్నాడు ధనరాజ్. "తాగుబోతుకీ, రోగిష్టోడికీ నా బండి ఇవ్వనని ముందే సెప్పేను కదా."

ఎర్రన్న నోరు విప్పలేదు. బండి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ధనరాజ్ అతని ఫోను లాక్కుని, గదిలోకి తోసి తాళం వేశాడు. "వారం రోజులు. తర్వాత సూద్దాం."

రెండో రోజు ఎర్రన్న ఆమెను కిటికీ దగ్గరికి పిలిచాడు.

"అది లేపోతే సచ్చిపోతానే సిన్నతల్లీ. ఒక మాట సెప్తాను, మీ అన్నకి మాత్రం..."

ఆమె రెండు చెవులూ మూసుకుని వంటింట్లోకి పరుగెత్తింది. వింటే తాళం తీసేస్తానని భయం.

ఇప్పుడు, మూడో రోజు మధ్యాహ్నం, అతను నీళ్లు అడగడం మానేశాడు. ఛాతీ కొలిమితిత్తిలా ఎగసిపడుతోంది.

"మావా," అంది. పలకలేదు. "మావా, సూడు ఇటు."

కొంగుముడి రాలేదు. పళ్లతో చించింది.

ధనరాజ్ లారీలో తీసుకెళ్లాడు. విజయనగరం ఆసుపత్రిలో డాక్టరమ్మ వంగి అతని ఊపిరి వాసన చూసింది. వేలి నుంచి చుక్క రక్తం తీసింది.

"మత్తు మానిపిస్తన్నామండి," అంది చిన్నతల్లి. "అయినా ఆ వాసన పోలేదు."

"మత్తు కాదమ్మా, షుగరు. రక్తంలో చక్కెర ఉన్నా ఒంటికి అందకపోతే, ఒళ్లు తన కొవ్వునే మండించుకుంటుంది. అందులోంచి పుట్టేదే ఈ వాసన. చక్కెరలోనూ, కొవ్వులోనూ, సారాలోనూ ఉండేది అదే కార్బన్. పేర్చిన తీరు వేరు. ముక్కుకేం తెలుస్తుంది?"

"అయితే ఈయన తాగలేదాండి?"

"చుక్క కూడా తాగలేదు."

చిన్నతల్లి ఎర్రన్న చెయ్యి పట్టుకుంది. ధనరాజ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"బతుకుతాడాండి?"

"చాలా ఆలస్యంగా తెచ్చారు. ఇప్పుడే చెప్పలేను."

డాక్టరమ్మ అతని చొక్కా గుండీలు విప్పింది. బనీను పైకి తీసి ఆగిపోయింది. పొట్ట మీద, దగ్గరికి వంగితే తప్ప కనబడనంత సన్నగా, వరసగా సూది గుర్తులు.

"రోజూ ఇన్సులిన్ వేసుకునే మనిషే కదమ్మా, ఉన్నట్టుండి ఎందుకు మానేశాడు?"