తుండు కింద పేరం

"ఉండేది ఒక్క మంచి తుండు. దాన్ని ఈ పొద్దే ఉతకాల్నా?" తిరుపతిసామి నాయకర్ భార్యమీద కేకలేశాడు.

"మురికి పట్టింది, ఉతికితిని. ఇంగొకటి ఏసుకుని పో మామా," అంది తాయమ్మాళ్, తడి తుండును దండెం మీద విదిలిస్తూ.

"విరుదునగరంలో నూరుమంది రైతుల ముందర మాట్లాడాల. చినిగిన తుండుతో పోనా?"

"తుండు వద్దనే కదరా నువ్వు మాట్లాడేది! అది లేకుండా పోతేనే బాగుంటుంది," అని తల్లి రంగమ్మాళ్ నవ్వింది.

ముసలామె అన్నది నిజమే. విరుదునగరం మండీలలో దళారీ, వ్యాపారీ తుండు కింద చేతులు దూర్చి, వేళ్ళు నొక్కుకుని పత్తి ధర తేల్చుకునేవారు. పండించినవాడు పక్కనే నిలబడినా అతనికి తెలిసేది కాదు. ధర అందరూ వినేలా పైకి చెప్పాలి, అందుకు చట్టం తేవాలి అని చెన్నపట్నం శాసనసభకు సంతకాల మహజరు పంపడానికే, పత్తి ధర పడిపోయిన పంతొమ్మిదివందల ముప్ఫైరెండులో, ఆ సభ పెట్టారు. తిరుపతిసామి తడి తుండే భుజాన వేసుకుని బయలుదేరాడు.

మర్నాడు పొద్దున మజ్జిగ చెంబుతో వచ్చిన తాయమ్మాళ్ గడప దగ్గరే ఆగిపోయింది. అరుగుమీద మొగుడు, పక్క చేలవాళ్ళు వీరసామి, గోవిందసామి. మధ్యలో ఆ తుండే. చేతులన్నీ దాని కింద ఉన్నాయి. ఆమెను చూడగానే బయటికి వచ్చాయి.

"ఏమి పేరం మామా?"

"పేరమా? ఊరికే కూర్చోనుండాము."

ముగ్గురూ పత్తి అమ్మేవాళ్ళే. కొనేవాడు ఒక్కడూ లేడు. మరి ఏం తేల్చుకుంటున్నట్టు?

తిరుపతిసామి గోతాల కోసం కోవిల్‌పట్టికి వెళ్ళగానే పెరటి దారిన చిన్నతాయి వచ్చింది. పత్తి తీసే ఆడవాళ్ళకు ఆమే పెద్ద.

"రేపే కదమ్మా పత్తి తీసేది. ఎనిమిది కుప్పలకు ఒక కుప్ప మాది. ఈ ఏడూ అంతేనా? ఊర్లో ఏమేమో గుసగుసలు. తగ్గిస్తే పిల్లోళ్ళకు రెండోపూట గంజి ఉండదమ్మా."

కుప్పలు పంచడం ఆ ఇంట్లో తాయమ్మాళ్ పని. ఆమె అరుగుమీది తుండును ఒకసారి చూసింది. "నువ్వు పద. వెనకే వస్తా," అంది.

మధ్యాహ్నం సజ్జ సంకటి తుంచుతూ తిరుపతిసామి చెప్పాడు. "రేపట్నుంచి పదికి ఒక కుప్ప. ముగ్గురం మాటిచ్చుకుంటిమి, ఏ ఇంట్లోనూ ఎక్కువ ఇయ్యము. చిన్నతాయికి చెప్పేయ్."

"సభలో నువ్వు చెప్పింది ఇదేనా?"

"అది పత్తి ధర. ఇది కూలి. రెండూ ఒకటేనా?"

రంగమ్మాళ్ ముద్ద ఆపి కొడుకువైపు చూసింది.

తాయమ్మాళ్ పులుసు వడ్డించింది. "ఇచ్చిన మాట తిప్పరాదా మామా?"

"తిప్పితే ఊర్లో తలెత్తుకోగలమా?"

"అయితే నేనూ తిప్పను. ఏడుకు ఒక కుప్ప అని పొద్దున వాళ్ళ వీదిలో నిలబడి చెప్పొస్తిని. వీరసామి, గోవిందసామి ఇండ్ల కూలోళ్ళూ రేపు మన చేనికే వస్తారంట. నీ పేరం ముగ్గురికే తెలుసు మామా. నాది ఊరంతా వినింది."