చిన్న ప్యాకెట్

తమ్ముడు తన చేలోంచి సీసాలో పట్టుకొచ్చిన పురుగులు నాలుగు రోజులైనా పత్తి ఆకును నములుతూనే ఉన్నాయి. పురుగును చంపే విషం ఆకులోనే ఉండే రకం అది. పక్క డబ్బాలో, ల్యాబ్‌లో తరతరాలుగా పెంచుతున్న పురుగులు అదే ఆకు తిని రెండో రోజుకే చచ్చాయి.

అక్క కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది. ఈ నెలలో రైతులు తెచ్చిన సీసాల్లో ఇది పదకొండోది. ఫారంలో ‘కారణం’ అన్నచోట మిగతా పదింటికి రాసిందే దీనికీ రాసేసింది.

“ఆ చచ్చేవేవో నాకివ్వక్కా, చేలో వదులుకుంటా,” అన్నాడు తమ్ముడు నీరసంగా.

“నువ్వు నవ్వులాటకు అన్నా, అసలు మందు అదేరా. అవి నీ మొండి పురుగులతో జతకడితే, పుట్టే పిల్లలు మళ్లీ విషానికి లొంగుతాయి. లొంగే పురుగులు నాలుగు బతకాలనే విత్తనాల సంచిలో విషం లేని గింజల ప్యాకెట్ చిన్నది పెడతారు. చేను చుట్టూ వేయాలి. ఎప్పుడైనా వేశావా?”

“లేదు.”

“ఎవరూ వేయరు. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా వినరు.”

తమ్ముడు సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

“ఈ విత్తనం వచ్చిన మొదటి ఏడు ఆ ప్యాకెట్ ఏం చేయాలని నిన్నడిగా కదక్కా. అప్పుడే ఉద్యోగంలో చేరావు. పురుగులకు పంట పెట్టడమేంట్రా పిచ్చోడా, పారెయ్ అన్నావు. నువ్వు చెప్పావని ఊరంతా పారేశాం.”

అక్క ఫారం వైపు చూసింది. ‘రైతు నిర్లక్ష్యం’ అని ఉంది. కొట్టేద్దామని పెన్ను కోసం టేబులంతా వెతికింది.

పెన్ను చేతిలోనే ఉంది.